చందువకు నేర్పిన మొదటి పాఠం

ఫిషింగ్ హార్బర్, వలల షెడ్డు
సోమవారం

మహారాజశ్రీ బావ సింహాద్రి గారి సముఖానికి, వలలు బాగుచేసి పొట్ట పోసుకునే తాతబాబు, ఎవరిచేతా రాయించుకోకుండా స్వహస్తాలతో రాసుకున్న విన్నపం.

ఇందుమూలంగా ఉక్కునగరం యావన్మంది ప్రజలకు తెలియజేయడమేమనగా: హార్బరు వలల షెడ్డులో, చిరిగిన వలల గుట్ట మీద, గోధుమరంగు కుక్కమ్మకు జన్మించి, ఒక చెవి నిలబడి ఒక చెవి పడుకొని ఉండే తెల్ల కుక్కపిల్లను, నా చెల్లెలు దేవి కాపురముండే క్వార్టరుకు కాపలాదారుగా నియమించడమైనది. జీతం రెండు పూటలా అన్నం. సెలవులు లేవు. చెప్పులు కొరుకు హక్కు, చంద్రుణ్ణి చూసి మొరుగు హక్కు ఉద్యోగంతోపాటే సంక్రమిస్తాయి. అభ్యంతరాలున్నవారు నేరుగా కుక్కపిల్లకే విన్నవించుకోవలెను.

ప్రకటన అయిపోయింది. ఇక విషయం.

మనిద్దరం ఫోన్లో మాట్లాడుకుంటే హలో తర్వాత రెండో మాటకే ఎవరో ఒకరు పెట్టేస్తాం కాబట్టి, ఇకమీదట కాగితం మీదే కొట్టుకోండని దేవి తీర్పిచ్చింది కదా. పోతమ్మ రోజూ చేపల తట్టతో మీ సెక్టారుకు బస్సెక్కుతుంది. కుక్కపిల్లా, ఈ ఉత్తరమూ ఆమెతోనే వస్తున్నాయి. రెండూ ఒకే వాసన వేస్తాయి. ఏది ఉత్తరమో చూసి విప్పుకో.

నువ్వు నైట్ డ్యూటీకి వెళ్ళినప్పుడల్లా దేవి గడియ వేసి, మళ్ళీ లేచి, వేశానో లేదోనని చూసుకుంటోందని పోతమ్మ చెప్పింది. అందుకే ఈ పిల్లని కళ్ళు తెరిచిన దగ్గర్నుంచీ నేనే తయారు చేశాను. పాలపళ్ళున్నప్పుడే లోకం చూపించాలిట. చూపించాను. బోటు హారను, ఐసు పగలగొట్టే చప్పుడు, వేలంపాట, వేలంపాట తర్వాతి బూతులు, కాకులు, పిల్లులు, పోతమ్మ గొంతు, అన్నీ చూసేసింది. పోతమ్మ గొంతుకు బెదరని ప్రాణి ఇక దేనికీ బెదరదు.

చిత్తగించవలెను.
మీ బావ,
తాతబాబు (ఏడో తరగతి, ఫెయిలు కాదు, మానేశాను)

తా.క.: పోతమ్మకు చదువు రాదు కాబట్టే ఆఖరి మాట ధైర్యంగా రాశాను. నువ్వు చదివి వినిపించకు.


ఉక్కునగరం
శనివారం

బావ తాతబాబుకు, సింహాద్రి నమస్కరించి రాయునది.

నీ ఉద్యోగి క్షేమంగా చేరింది. తెల్లగా, బల్లపరుపుగా చాప మీద పడుకుంటే అచ్చం చందువ చేపలా ఉందని దేవి దానికి చందువ అని పేరు పెట్టింది. పిలిస్తే నిలబడ్డ చెవి తిప్పుతుంది.

నువ్వు రాసింది నిజమే. దేనికీ బెదరదు. రోజూ ఒక కొత్త మనిషిని, ఒక కొత్త చప్పుణ్ణి చూపించాలని ఎక్కడో విని, దేవి దాన్ని చంకనేసుకొని సెక్టారంతా తిప్పుతోంది. పాలవాడు, గడ్డి కోసే మిషను, స్కూలు బస్సు, కుక్కరు విజిలు, దేన్ని చూసినా తోకే. పక్కింటి సూర్యకాంతమ్మ గారి ఒళ్ళో ఎక్కి నిద్రపోయింది. ఆవిడ ముందు కూర్చోవడానికే వాళ్ళాయనకు ధైర్యం చాలదు.

ఒక్క మనిషి దగ్గరికే రాదు. నా దగ్గరికి.

డ్యూటీ దిగి, యూనిఫాం చొక్కాతో, పసుపు హెల్మెట్‌తో గుమ్మంలో అడుగుపెట్టి, "దేవీ, టిఫినయిందా" అంటాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ నా మొదటి మాట అదే. ఆ మాట పూర్తయ్యేలోపు చందువ కెవ్వుమని అరిచి గ్యాస్ సిలిండర్ వెనక దూరుతుంది. అక్కడ వణుకుతూ తడుపుతుంది. మొదట్లో ఇద్దరం నవ్వాం. తర్వాత దేవి ఒక్కతే నవ్వింది. ఇప్పుడు ఎవరమూ నవ్వడం లేదు.

నేను దాన్ని గదమాయించింది లేదు బావా. గట్టిగా తుమ్మింది కూడా లేదు. నా వాసన ముందే అలవాటు కావాలని నా పాత చొక్కా, పాత హెల్మెట్ దేవి నీకు పంపింది కదా. మరి ఎందుకిలా? అక్కడేమైనా జరిగిందా? ఉన్నది ఉన్నట్టు రాయి. నాకు చిన్నప్పట్నుంచీ కుక్కంటే ఇష్టం. మా నాన్న పెంచనివ్వలేదు. సొంత సంసారం వచ్చాక పెంచుకోవాలనుకొని, ఇదిగో, ఇప్పటికి కుదిరింది.

ఇంతే సంగతులు.
నీ బావ,
సింహాద్రి

తా.క.: నీ ఉత్తరం పోతమ్మకు నేను వినిపించలేదు. దేవి వినిపించింది. ఇకనుంచి నీ ఉత్తరాలు తట్ట అడుగున, రొయ్యల కింద వస్తాయట.


ఫిషింగ్ హార్బర్
సోమవారం

ఉక్కులాంటి మనిషై ఉండి కుక్కపిల్ల మొహం తిప్పుకుంటే కరిగిపోతున్న బావ గారికి, తాతబాబు ధైర్యం చెబుతూ రాయునది.

నీ మనసు కష్టపెట్టడం ఇష్టం లేక దాచాను. ఇప్పుడు చెప్పక తప్పడం లేదు. దాన్ని ఒకడు తన్నాడు. ఒకరోజు జెట్టీ మీద వేలం జోరుగా ఉండగా, నీలాగే పసుపు హెల్మెట్ పెట్టుకున్న మనిషొకడు, కాళ్ళకు అడ్డమొచ్చిందని బూటుకాలితో ఒక్కటిచ్చాడు. పాపం, ఐసు బుట్టల్లో పడింది. అప్పట్నుంచీ హెల్మెట్ చూస్తే దానికి వాడే.

దీనికి మందుంది. దేన్ని చూసి బెదిరితే దాన్నే అలవాటు చెయ్యాలి. ఇంట్లో ఉన్నంతసేపూ హెల్మెట్ తియ్యకు. అన్నం తింటూ, గడ్డం గీసుకుంటూ, నిద్రపోతూ కూడా. స్నానం మాత్రం నీ ఇష్టం. గుర్తొచ్చినప్పుడల్లా దాని దగ్గరికెళ్ళి వంగి, ఆ టిఫిను మాటే గట్టిగా, ప్రేమగా చెప్పు. వారం తిరిగేసరికి హెల్మెట్‌లోనే కాపురం పెడుతుంది.

షెడ్డులో అందరూ నిన్ను అడిగామని చెప్పమన్నారు. నీ ఉత్తరం చదివి వినిపించాను. చాలాసేపు అడిగారు.

ఆజ్ఞాపిస్తూ,
డాక్టర్ తాతబాబు

తా.క.: హెల్మెట్ పెట్టుకొని తింటే దేవి వండిన చారు రుచి మారుతుందేమో చూసి రాయి. పెళ్ళికి ముందునుంచీ ఆ చారు మీద నాకు అనుమానముంది.


ఉక్కునగరం
ఆదివారం

బావకు, సింహాద్రి రాయునది.

నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశాను. చారు రుచి మారలేదు. మిగతావన్నీ మారాయి.

నైట్ డ్యూటీ దిగి పగలు పడుకుంటాను కదా. హెల్మెట్ పెట్టుకొని కిటికీ పక్కన నిద్రపోతుంటే సూర్యకాంతమ్మ గారు చూశారు. ఆ సాయంత్రం దేవిని గోడ దగ్గరికి పిలిచారు.

"ఏటే దేవీ, మొగుడు పడుకున్నా టోపీ తియ్యడం లేదు. మరీ తలమీదే కొడతన్నావేటి?"

"అయ్యో, కొట్టడమేటి పిన్నీ. కుక్కపిల్లకి అలవాటు సెయ్యాలని పెట్టుకున్నారు."

"అలాగే సెప్తారమ్మా. మా ఆయన గుమ్మానికి గుద్దుకున్నానని సెప్పేవోడు."

మర్నాటికి ఈ సంగతి డిపార్ట్‌మెంటుకు చేరింది. మా ఫోర్‌మన్ రమణమూర్తి గారు నన్ను పక్కకు పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, ఆడవాళ్ళ కోపం పాలపొంగులాంటిదని, ఆ కాసేపు పెరట్లో నిలబడితే సరిపోతుందని చెప్పారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకో అడగలేదు.

ఇదంతా నవ్వుకోవచ్చు. నవ్వలేనిది వేరే ఉంది. చందువ సిలిండర్ వెనకనుంచి బయటికే రావడం లేదు. మొదట నేను డ్యూటీకి వెళ్ళాక వచ్చేది. ఇప్పుడు అప్పుడూ రాదు. గిన్నె అక్కడే పెడితే నాలుగు మెతుకులు తింటుంది. నేను వంగి పలకరిస్తే గోడలోకి దూరిపోవాలని చూస్తుంది. దాని పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు.

ఆ తన్నినవాడెవడో కనుక్కో బావా. నేను కొట్టను. కొట్టడం నాకు రాదు, నీకు తెలుసు. వాడు ఒక్కసారి తన్ని తన దారిన పోయాడు. ఆ తన్ను నేను రోజూ మా గుమ్మంలో నిలబడి తింటున్నాను. ఆ మాట వాడితో చెప్పాలి. నా వీక్లీ ఆఫ్‌కు హార్బరుకు వస్తాను.

ఉంటాను.
సింహాద్రి

తా.క.: దేవి ఇప్పుడు గడియ చూసుకోవడానికి లేవడం లేదట. సిలిండర్ దగ్గరే చాప వేసుకొని పడుకుంటోంది. కాపలాదారుకు కాపలా.


ఫిషింగ్ హార్బర్
మంగళవారం

ప్రియమైన బావకు,

ముందు ఆ హెల్మెట్ తీసెయ్యి. నా మందు సరైనది కాదేమోనని అనుమానంగా ఉంది.

నువ్వు ఇంత దూరం రావద్దు. ఆ తన్నినవాడు ఇక్కడివాడు కాదు. గుబురు మీసాలవాడు. ఐసు ప్లాంటు వైపు పనిమీద వచ్చినట్టున్నాడు, ఏ పారాదీపో వెళ్ళిపోయుంటాడు. పోయినవాణ్ణి ఎక్కడ వెతుకుతావు? పైగా నేను కూడా ఉండను. బోటు వలలు తేవడానికి భీమిలి వెళ్తున్నాను.

దాన్ని పలకరించడం కొన్నాళ్ళు మానెయ్యి. టిఫిను మాట అసలనకు.

మీ తాతబాబు

తా.క.: సూర్యకాంతమ్మ గారి సంగతి షెడ్డులో చెబుదామని నోరు తెరిచి, మూసుకున్నాను. అంత మంచి ముక్క దొరికి కూడా చెప్పలేదంటే నాకు ఒంట్లో బాగోలేదేమో. అది అన్నం తింటోందా లేదా, అది మాత్రం రాయి.


ఉక్కునగరం
శుక్రవారం

బావకు,

వద్దన్నా వచ్చాను. నువ్వు నిజంగానే భీమిలి వెళ్ళావు. నీ మాట ఒకటి నిజమవడం చూసి ఆశ్చర్యపోయాను.

గుబురు మీసాలవాడు ఎక్కడికీ పోలేదు. ఐసు ప్లాంటులోనే ఉన్నాడు. పైనుంచి దిమ్మలు జారతాయని పసుపు హెల్మెట్ కూడా పెట్టుకున్నాడు. పేరు ఎల్లారావు. నీతో రోజూ టీ తాగుతాడట. నువ్వెందుకు గుర్తుపట్టలేదో నాకు అర్థం కాలేదు.

"కుక్కపిల్లని తన్నింది నువ్వేనా?" అన్నాను.

"ఏ కుక్కపిల్ల బాబూ?"

"తెల్లది. ఒక చెవి వాలినది."

"అదా. అది నా సేతి మెతుకులు తిని పెరిగినాది. నానెందుకు తంతాను బాబూ?"

"తాతబాబు చూశాడట."

అతను ఐసు కొక్కెం కింద పెట్టేశాడు. తర్వాత, "తాగినప్పుడు గాని తన్నీసినానేటో. నాకు గుర్తు లేదు. తాతబాబు సూసినాడంటే నిజమే అయ్యుంటాది. నామీద లేనిపోనిది కట్టాల్సిన పని ఆడికేటుంది?" అన్నాడు. ఆ తర్వాత నేను చెప్పాలనుకొని వెళ్ళిన మాట చెప్పలేకపోయాను.

మర్నాడు పని దిగి, హెల్మెట్ కూడా తియ్యకుండా, బిస్కెట్ పొట్లం పట్టుకొని మా ఇంటికొచ్చాడు. కుక్కపిల్లకు క్షమాపణ చెప్పుకోవాలట. వంటగది గుమ్మంలో గొంతుక్కూర్చుని, "తప్పైపోనాది తల్లీ, తెలీక సేసినాను" అన్నాడు.

చందువ సిలిండర్ వెనకనుంచి దూసుకొచ్చి అతని ఒళ్ళోకి దూకింది బావా. మీసాలు నాకింది. హెల్మెట్ పట్టీ పట్టుకొని లాగింది. దేవి ఏడ్చేసింది. నాకూ సంతోషం ఆగలేదు. గుమ్మంలోంచే "చందువా" అన్నాను. అంతే. అతని ఒళ్ళోనే తడిపేసింది.

కాబట్టి భయం హెల్మెట్ అంటే కాదు. నేనంటే. నాలో ఏదో ఉంది, అది దానికి కనిపిస్తోంది. మనిషికి తెలియనివి కుక్కకు తెలుస్తాయంటారు. ఇప్పుడు నేను ఇంట్లో నోరు తెరవడం లేదు. ఉప్పు కావాలన్నా వేలు చూపిస్తున్నాను. సూర్యకాంతమ్మ గారు దీన్ని ఎలా అర్థం చేసుకున్నారో అడగకు.

ఆదివారం పోతమ్మతో దాన్ని వెనక్కి పంపేస్తున్నాను. దేవిని అడిగాను. "పంపీస్తే నువ్వు నైటుకెళ్ళినప్పుడు నాకు తోడెవరు? ఉంచితే దాని వొణుకు సూడలేకపోతన్నాను. నన్నడక్కు, నీకు తోసింది సెయ్" అంది. నాకు తోచింది ఇదే.

సెలవు.
సింహాద్రి

తా.క.: అన్నం సంగతి అడిగావు. తినడం లేదు.


ఫిషింగ్ హార్బర్
శనివారం

బావా,

ఈసారి బిరుదులు లేవు. కుక్కపిల్లని పంపకు. ముందు ఇది చదువు, దేవికి వినిపించు. తర్వాత నన్నేమనాలో ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి.

దాన్ని ఎవడూ తన్నలేదు.

దేవి నీ చొక్కా, హెల్మెట్ పంపిస్తూ పోతమ్మతో కబురు చేసింది. "అన్నకి సెప్పు, కుక్కపిల్లని వీటిమీదే పడుకోబెట్టమను. మా ఆయన వాసన దానికి ఇంటి వాసన అయిపోవాల." పాలపళ్ళ వయసులో మంచిదని చూపిస్తే మంచిదనీ, చెడ్డదని చూపిస్తే చెడ్డదనీ నమ్మేస్తుందని దేవికి తెలుసు. నాకూ తెలుసు. తెలియక చేశానని రాస్తే ఇంకో అబద్ధం అవుతుంది.

ఒక సాయంత్రం షెడ్డులో నీ చొక్కా తొడుక్కున్నాను. హెల్మెట్ పెట్టుకున్నాను. నీ గొంతుతో "దేవీ, టిఫినయిందా" అంటూ లోపలికొచ్చాను. నీ గొంతు నాకు బాగా వచ్చు. చందువ తోకాడించుకుంటూ ఎదురొచ్చింది. దాని ముందు ఖాళీ రేకుడబ్బా ఎత్తి సిమెంటు మీద కొట్టాను. అది కెవ్వుమని వలల్లో దూరింది. షెడ్డంతా పడీ పడీ నవ్వింది. నవ్వారని మర్నాడూ చేశాను. నవ్వినన్నాళ్ళూ చేశాను.

మొదట్లో ప్రతిసారీ తోకాడించుకుంటూనే వచ్చేది బావా. ఈసారి కొట్టడేమో అనుకునేదో ఏమో. తర్వాత రావడం మానేసింది. అప్పుడు నేను, ట్రైనింగ్ పూర్తయింది, పంపించొచ్చు అన్నాను.

నువ్వు డ్యూటీనుంచి వస్తే అది పరిగెత్తాలి, నువ్వు తెల్లమొహం వెయ్యాలి, దేవి నవ్వాలి, ఆ కబురు పోతమ్మ నాకు మోసుకురావాలి. నేను ఆలోచించింది అంతవరకే. ఆ తర్వాత అది ఎక్కడ దాక్కుంటుంది, ఏం తింటుంది, నీకెలా ఉంటుంది, ఇవేవీ ఆ వేళాకోళంలో లేవు.

ఎల్లారావు హెల్మెట్ పెట్టుకుంటాడు గానీ నీ చొక్కా వెయ్యడు, నీలా మాట్లాడడు. అందుకే అతని ఒళ్ళో కూర్చుంది. నీలో ఏ చెడ్డా దానికి కనిపించలేదు. అది బెదిరేది నీకు కాదు. నీ వేషంలో ఉన్న నాకు.

ఎల్లారావుతో చెప్పాను. ఐసు దిమ్మ లాగుతున్నవాడు ఆగాడు.

"అయితే నాను తన్నలేదన్నమాట."

"లేదు."

"మరి నాను తన్నీసినాననుకొని తిండి సయించలేదు సూడు, అది ఎవులికి సెప్పుకోవాల?"

కొక్కెం తీసుకొని వెళ్ళిపోయాడు. టీ కొట్టు దగ్గర ఇవాళ నాకు ఎదురుగా ఎవరూ కూర్చోలేదు.

తర్వాత ద్వారకా నగర్‌లో జంతువుల డాక్టరమ్మ అనూరాధ గారి దగ్గరికి వెళ్ళాను. అంతా చెప్పాను.

"ఎన్నాళ్ళు చేశారు?" అని అడిగింది.

"నవ్వినన్నాళ్ళు."

"మీరు చేసింది ట్రైనింగే. చాలా బాగా చేశారు. అదే బాధ," అంది. నన్ను ఇంతవరకు ఎవరూ ఇంత మర్యాదగా తిట్టలేదు. నెల తిరిగేసరికి మీ బావగారి ఒళ్ళో పడుకుంటుంది, భయం లేదు అని కూడా చెప్పింది.

ఆవిడ చెప్పిన పద్ధతి ఇది. నువ్వు మామూలు లుంగీలో, వట్టి తలతో, దానికి దూరంగా నేలమీద కూర్చో. దానికేసి చూడకు. పలకరించకు. పిలవకు. చేతిలో వేయించిన ఎండు నెత్తళ్ళు పెట్టుకొని, అరచెయ్యి తెరిచి ఉంచు. అది వస్తే వచ్చింది, లేకపోతే లేదు. దగ్గరికొచ్చాక మెల్లిగా ఒక మాట, ఆ మాట కూడా కొత్తది. చొక్కా ఆ తర్వాత, హెల్మెట్ అన్నిటికన్నా ఆఖర్న. తొందరపడితే మళ్ళీ మొదటికొస్తుంది. దేవి దాన్ని బయట తిప్పడం మాత్రం మానవద్దంది. లోకం మీద దానికున్న నమ్మకం అలాగే ఉండాలి, పోయింది ఒక్క మనిషి మీదేనంది.

రేపు నేను వస్తున్నాను. లోపలికి రాను, మీ గేటు బయట కూర్చుంటాను. దాని కంటికి నువ్వూ నేనూ ఒకేసారి కనబడాలి. వేషం వేసినవాడు వేరు, ఇంటాయన వేరు అని తెలియాలి. నన్ను చూసి మొరిగితే మొరగనీ. ఎవరికి మొరగాలో అదైనా సరిగ్గా నేర్చుకుంటుంది.

నెత్తళ్ళు పోతమ్మ దగ్గరే కొన్నాను. సంగతంతా ఆమెకూ చెప్పాను. తూకంలో తగ్గించి ఇచ్చింది. అలాగే తీసుకున్నాను.

తాతబాబు

తా.క.: ఉత్తరం మడిచి, మళ్ళీ విప్పాను. నెల తిరిగేసరికి నీ ఒళ్ళో పడుకుంటుందని డాక్టరమ్మ చెప్పిందని రాశాను కదా. ఆవిడ అలా అనలేదు. ఎన్నాళ్ళు పడుతుందమ్మా అని అడిగితే, మొదట నేర్పింది తుడిచెయ్యడం కుదరదు, దాని పక్కన మంచిది పెట్టుకుంటూ పోవాలి, ఎప్పటికి సర్దుకుంటుందో నేను చెప్పలేను అంది. పూర్తిగా సర్దుకుంటుందని కూడా అనలేదు. ఆ మాట రాస్తే నువ్వు ఆదివారమే దాన్ని పంపేస్తావని భయపడ్డాను. నెల అన్నది పూర్తిగా నా కల్పన.